కాల్చడం మానేశారు సరే, తయారీ తగ్గిందా?

2018 వేసవిలో బ్రిటన్‌కు చెందిన లగ్జరీ ఫ్యాషన్ కంపెనీ బర్బెర్రీ తన వార్షిక నివేదిక బయటపెట్టింది. ఇలాంటి నివేదికలను షేర్లు కొన్నవాళ్ళే సరిగా చదవరు. ఈసారి మాత్రం విలేకరులు చదివారు. ఆ ఒక్క ఏడాదిలోనే 2.86 కోట్ల పౌండ్ల అమ్ముడుపోని సరుకును ధ్వంసం చేశామని అందులో రాసి ఉంది. ఇందులో 1.04 కోట్ల పౌండ్ల సరుకు అత్తర్లు, మేకప్ సామాన్లు. ఆ వ్యాపారాన్ని వేరే కంపెనీకి అప్పగించినప్పుడు మిగిలిపోయినవి. ఐదేళ్ళ లెక్క తీస్తే మొత్తం 9 కోట్ల పౌండ్లు దాటింది. పైగా అది షాపులో ట్యాగు మీద ఉండే ధర కాదు, సరుకు తయారీకి అయిన ఖర్చు.

జనం మండిపడ్డారు. కాల్చేటప్పుడు వచ్చే వేడిని శక్తిగా మార్చి వాడుకుంటున్నాం, పర్యావరణానికి ఇబ్బంది లేదు అని కంపెనీ సర్దిచెప్పబోయింది. ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. సెప్టెంబరు వచ్చేసరికి ఇక అమ్ముడుపోని సరుకు కాల్చం, జంతువుల ఫర్ వాడం అని ప్రకటించేసింది.

ఈ పని చేసింది బర్బెర్రీ ఒక్కటే కాదు. నగలు, వాచీల బ్రాండ్ కార్టియేను నడిపే రిష్మాంట్ గ్రూపు షాపుల్లో పేరుకుపోయిన వాచీలను రెండేళ్ళలో దాదాపు 50 కోట్ల యూరోలు పెట్టి వెనక్కి కొనుక్కుంది. వాటిలో కొన్నింటిని విడిభాగాలుగా విప్పేసింది. అది కూడా 2018లోనే బయటికొచ్చింది. అంతవరకూ ఈ రంగంలో అందరికీ తెలిసి, ఎవరూ పైకి అనని విషయం ఇది.

ఆ తర్వాత కొద్ది ఏళ్ళలోనే లగ్జరీ ఫ్యాషన్ భాష మొత్తం మారిపోయింది. ఏ బ్రాండ్ వెబ్‌సైట్ తెరిచినా సస్టైనబిలిటీ అనే పేజీ ఉంటుంది. సర్క్యులర్ ఎకానమీ అనే మాట ఉంటుంది. అంటే తయారుచేసిన వస్తువు చెత్తకుప్పకు చేరకుండా రిపేరుకో, మరో చేతికో, మళ్ళీ ముడిసరుకుగానో తిరుగుతూ ఉండాలని. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ కంపెనీలు ఏ పనులు ఉత్సాహంగా చేస్తున్నాయి, ఏ పని దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నములుతున్నాయి అని చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. ధర మీద తమ పట్టు జారని చోట వస్తువును ఎంతైనా తిప్పుతారు. ఆ పట్టు జారే చోట ఆగిపోతారు.

అసలు ఎందుకు కాలుస్తారు అన్న దగ్గర్నుంచి మొదలుపెడితే ఇది అర్థమవుతుంది. 2024 జూన్‌లో ఇటలీలోని మిలాన్ కోర్టు, కూలీల దోపిడీ కేసులో, ఫ్యాషన్ బ్రాండ్ డియోర్ వారి తయారీ విభాగాన్ని ఏడాదిపాటు కోర్టు నియమించిన అధికారి పర్యవేక్షణలో పెట్టింది. ఆ కేసు పత్రాల్లో ఒక లెక్క ఉంది. షాపులో 2,600 యూరోలకు అమ్మే ఒక హ్యాండ్‌బ్యాగ్‌ను కుట్టి ఇచ్చినందుకు డియోర్ సరఫరాదారుకు ఇచ్చింది 53 యూరోలు. తోలు ఖరీదు, డిజైను, షాపు అద్దె, ప్రకటనలు ఇందులో లేవు, నిజమే. అవన్నీ కలిపినా, వస్తువు తయారీ ఖర్చుకూ అమ్మే ధరకూ మధ్య ఎంత దూరం ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు ఆ బ్యాగు అమ్ముడుపోలేదు అనుకుందాం. సగం ధరకు ఇచ్చేసినా ఖర్చు వచ్చేస్తుంది కదా, కాల్చడం ఎందుకు? మామూలు వ్యాపారి అలాగే ఆలోచిస్తాడు. కానీ ఇక్కడ అమ్ముతున్నది బ్యాగు ఒక్కటే కాదు, అది అందరి దగ్గరా ఉండదన్న నమ్మకం కూడా. ఒకసారి సగం ధరకు దొరికితే, వచ్చే ఏడాది పూర్తి ధర పెట్టే కస్టమర్ డిస్కౌంట్ కోసం కాచుకుని కూర్చుంటుంది. ఒక బ్యాగు మీద పోయే డబ్బు కంటే ఆ అలవాటు వల్ల పోయే డబ్బే ఎక్కువని కంపెనీ లెక్క. లూయీ విట్టన్ లాంటివి సేల్ అన్న మాటే ఎత్తవు. పన్ను కూడా దీనికి కలిసొచ్చేది. దిగుమతి చేసుకున్న సరుకును వాడకుండా కస్టమ్స్ పర్యవేక్షణలో ధ్వంసం చేస్తే, కట్టిన సుంకంలో 99 శాతం వెనక్కి ఇచ్చే నిబంధన అమెరికాలో ఉంది.

మరి బ్రాండ్ సరుకును తక్కువ ధరకు అమ్మే ఔట్‌లెట్ షాపుల సంగతేమిటి అని అమెరికాలో ఉండే మనవాళ్ళు అడుగుతారు. సెలవులకు ఇంటికొచ్చే చుట్టాల సూట్‌కేసుల్లో వదినకొకటి, మేనకోడలికొకటి అంటూ దిగే కోచ్ బ్యాగులు చాలావరకు ఔట్‌లెట్ మాల్‌లో కొన్నవే. అవి షాపులో మిగిలిపోయిన సరుకు అని చాలామంది అనుకుంటారు. కొన్ని నిజంగా అంతే. ఎక్కువ భాగం మాత్రం ఔట్‌లెట్ కోసమే విడిగా, కాస్త తక్కువ ఖర్చుతో కొత్తగా తయారు చేయించినవి. అంటే మిగులును తగ్గించే దారిగా మొదలైనది కొత్త సరుకు అమ్మే ఇంకో దుకాణంగా మారింది. అదే కోచ్, కస్టమర్లు వెనక్కి ఇచ్చిన పాడైన బ్యాగులను కత్తితో కోసి పారేస్తోందని 2021 అక్టోబరులో ఒక టిక్‌టాక్ వీడియో బయటపెట్టింది. కంపెనీ ఆ పని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పాత బ్యాగులను బాగుచేసి మళ్ళీ అమ్మే పథకం ఆ కంపెనీకి అప్పటికే ఉంది. అదే కంపెనీలో ఒక చేత్తో బాగుచేస్తూ ఇంకో చేత్తో కోయడం విచిత్రమే, కానీ పెద్ద కంపెనీల్లో ఒక విభాగం చేసేది ఇంకో విభాగానికి తెలియదన్నది కొత్త సంగతేం కాదు.

చట్టాలు మెల్లగా వచ్చాయి. ఫ్రాన్స్ 2020లో వ్యర్థాలకు వ్యతిరేకంగా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం 2022 జనవరి 1 నుంచి బట్టలు, బూట్లు లాంటి అమ్ముడుపోని సరుకును కాల్చడం, పూడ్చడం నిషేధం. దానం చేయాలి, మళ్ళీ వాడాలి, లేదా రీసైకిల్ చేయాలి. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ఎకోడిజైన్ నిబంధన ఇంకో అడుగు ముందుకు వేసింది. అమ్ముడుపోని దుస్తులు, బూట్ల ధ్వంసం మీద నిషేధాన్ని పెద్ద కంపెనీలకు 2026 జులై 19 నుంచి, మధ్యతరహా కంపెనీలకు 2030 నుంచి వర్తించేలా రాశారు. చిన్నవాటికి మినహాయింపు.

ఈ నిబంధనలో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. ధ్వంసం అంటే ఏమిటో చెప్పేచోట, కొత్త వస్తువును రీసైక్లింగ్‌కు పంపినా ధ్వంసం కిందే లెక్క వచ్చేలా రాశారు. మళ్ళీ వాడుకకు సిద్ధం చేయడానికి పంపితేనే మినహాయింపు. ఒకరు వేసుకోవాల్సిన కోటును చింపి పీచుగా మార్చి, రీసైకిల్ చేశాం చూడండి అని గొప్పలు చెప్పుకోవడానికి వీల్లేదన్నమాట. చట్టం రాసినవాళ్ళకు ఈ వ్యాపారం లోతు తెలుసు.

మిగిలిన వస్తువు సంగతి అలా ఉంటే, మిగిలిన బట్ట సంగతి వేరు. ఒక సీజన్ కోసం నేయించిన పట్టు, ఉన్ని, లేసు తానులు గోడౌన్లలో పడి ఉంటాయి. లూయీ విట్టన్, డియోర్‌ల యజమాని ఎల్‌వీఎంహెచ్ గ్రూపు 2021లో నోనా సోర్స్ అనే సంస్థను పెట్టి, తన బ్రాండ్ల దగ్గర మిగిలిన బట్టను, తోలును చిన్న డిజైనర్లకు తక్కువ ధరకు అమ్మడం మొదలుపెట్టింది. డబ్బు లేని కుర్ర డిజైనర్‌కు నిజంగా వరమే. బ్యాగులకు, స్కార్ఫులకు పేరున్న ఎర్మెస్ అయితే ఇంకా ముందే, 2010లో, పెతీ ఆష్ అనే విభాగం మొదలుపెట్టింది. బ్యాగులు కత్తిరించగా మిగిలిన తోలు ముక్కలు, స్కార్ఫుల పట్టు, చిన్న లోపమున్న పింగాణీ, గాజు సామాను అన్నీ ఒక వర్క్‌షాపుకు చేరతాయి. అక్కడ ముందు డిజైను గీసి తర్వాత ముడిసరుకు తెప్పించే పద్ధతి ఉండదు. ముక్క చేతిలో పెట్టుకుని దీనితో ఏం చేయొచ్చు అని ఆలోచిస్తారు. మామూలు తయారీకి ఇది పూర్తిగా తలకిందులు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు మనస్ఫూర్తిగా నచ్చిన ప్రయత్నం ఇదే. కాకపోతే ఎర్మెస్ మొత్తం వ్యాపారం ముందు ఇది చాలా చిన్నది. షనెల్ కూడా 2025లో నెవోల్డ్ అనే సంస్థను మొదలుపెట్టి మిగులు ముడిసరుకును తిరిగి వాడుకలోకి తెస్తానంటోంది.

మిగులు బట్ట అమ్మడంలో గమనించాల్సిందల్లా ఒకటే. బ్రాండ్ పేరున్న వస్తువు బయటికి పోవడం లేదు, పేరు లేని బట్ట పోతోంది. ధరకు ఢోకా లేదు. అందుకే ఈ పని ఇంత సులువుగా జరిగిపోయింది. మిగులుకు కొనేవాడు ఎప్పుడూ ఉంటాడు అని తేలాక, మొదట్లోనే తక్కువ బట్ట ఆర్డర్ చేయాలన్న ఒత్తిడి తగ్గిపోతుందేమో అన్న అనుమానం కూడా లేకపోలేదు.

వాడేసిన వస్తువును మళ్ళీ ముడిసరుకుగా మార్చడం దగ్గరికొస్తే కథ కష్టమవుతుంది. మన వీధుల్లో పాత పట్టుచీరలు కొంటామని తిరిగేవాళ్ళను చూసే ఉంటారు. వాళ్ళు చీర అందం చూడరు. అంచు జరీని రాయి మీద రుద్ది చూస్తారు. అసలు జరీ అంటే పట్టు పోగు మీద చుట్టిన వెండి తీగ, దానిపై బంగారు పూత. కాలిస్తే పట్టు పోతుంది, వెండి మిగులుతుంది. అందుకే నలభై ఏళ్ళ కిందటి చిరిగిన ధర్మవరం చీరకు కూడా ధర పలుకుతుంది. ఈమధ్య కొన్న రాగి జరీ చీర ఇస్తే అతను తల అడ్డంగా ఊపి వెళ్ళిపోతాడు. వెనక్కి తీయగలిగే సరుకు లోపల ఉంటేనే ఆ చక్రం తిరుగుతుంది.

లగ్జరీ హ్యాండ్‌బ్యాగ్ లోపల అలాంటి సరుకు ఏమీ లేదు. ఎక్కువ తోలు క్రోమియం లవణాలతో పదును చేస్తారు. ఆ ప్రక్రియలో తోలులోని ప్రొటీను పోగులు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడిపోతాయి. అందుకే అది కుళ్ళదు, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అందుకే దాన్ని లోహంలా కరిగించి మళ్ళీ పోత పోయడం కుదరదు. చేయగలిగింది పొడిచేసి, జిగురు కలిపి అట్టలా ఒత్తడం. ఆ రకం తోలుతో ఏ పెద్ద బ్రాండూ లక్షల రూపాయల బ్యాగు కుట్టదు. దానికి తోడు లోపలి అస్తరు, జిగురు, నురుగు, లోహపు కొక్కేలు, దారం, వీటన్నిటినీ విడదీయడానికి పట్టే కూలి, వచ్చే సరుకు ఖరీదు కంటే ఎక్కువ. బట్టల పరిస్థితి కూడా గొప్పగా ఏం లేదు. ప్రపంచంలో దుస్తుల కోసం వాడే ముడిసరుకులో మళ్ళీ కొత్త దుస్తులుగా మారేది ఒక శాతం కంటే తక్కువ అని, సర్క్యులర్ ఎకానమీ కోసం పనిచేసే ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో లెక్కకట్టింది.

దీనికి పాత మినహాయింపు ఇటలీలోని ప్రాటో. ఫ్లోరెన్స్ పక్కనే ఉండే ఈ ఊరు 19వ శతాబ్దం నుంచి ఉన్ని పేలికల మీద బతుకుతోంది. దేశదేశాల నుంచి పాత స్వెటర్లు, కోట్లు మూటలుగా వస్తాయి. అనుభవమున్న పనివాళ్ళు వాటిని ముందు పట్టుకుని చూసి ఉన్ని ఎంత శాతమో, కలనేత ఏమిటో చెప్పేస్తారు. తర్వాత రంగుల వారీగా వేరుచేస్తారు. నీలంలోనే ముదురు, లేత, బూడిద కలిసిన నీలం అంటూ ఎన్నో కుప్పలు. బొత్తాలు, జిప్పులు, అస్తరు తీసేసి, చింపి, పీచు చేసి వడుకుతారు. రంగు ముందే ఉంది కాబట్టి మళ్ళీ అద్దకం అవసరం లేదు. నీళ్ళు, రసాయనాలు ఆదా అయ్యేది అక్కడే. ఇబ్బంది ఏమిటంటే చింపినప్పుడల్లా పీచు పొట్టిదవుతుంది. బలం కోసం కొంచెం కొత్త ఉన్నో నైలానో కలపక తప్పదు. ఫ్యాషన్‌లో నిజంగా పనిచేసే చక్రం చూపించమంటే చాలామంది ప్రాటో వైపే చూపిస్తారు. అదెవరూ పర్యావరణం పేరు చెప్పి మొదలుపెట్టలేదు. కొత్త ఉన్ని ఖరీదు, పేలికలు చవక, అంతే.

ప్రాడా ఎంచుకున్న దారి రసాయనానిది. ఆ బ్రాండ్‌కు 1980ల నుంచి పేరు తెచ్చింది నైలాన్ బ్యాగులే. 2019లో ఆక్వాఫిల్ అనే ఇటలీ కంపెనీతో కలిసి, పాత చేపల వలలు, తివాచీల నుంచి తీసిన నైలాన్ వాడడం మొదలుపెట్టింది. 2021 చివరికల్లా కొత్త నైలాన్ మొత్తం మానేస్తామని చెప్పింది. ఈ రకం నైలాన్‌ను మూల పదార్థం దాకా విడగొట్టి మళ్ళీ కట్టొచ్చు, నాణ్యత తగ్గదు. నిఖార్సైన పనే. అయితే వల బ్యాగయింది, బ్యాగు మళ్ళీ బ్యాగు కావాలంటే వాడినవాళ్ళు దాన్ని వెనక్కి ఇవ్వాలి. ప్రాడా బ్యాగు ఎవరు పారేస్తారు?

నిజానికి లగ్జరీ రంగం బలం అక్కడే ఉంది. ఈ సరుకును ఎవరూ పారేయరు. 2025 జులైలో పారిస్‌లో సోథబీస్ సంస్థ ఒక పాత బ్యాగును వేలం వేసింది. 1985లో ఎర్మెస్ ప్రత్యేకంగా జేన్ బర్కిన్ అనే నటి కోసం చేసిన మొదటి బర్కిన్ బ్యాగ్ అది. బాగా వాడి గీతలు పడింది, అంటించిన స్టిక్కర్ల మరకలున్నాయి, గోళ్ళు కత్తిరించుకునే కటర్ ఒకటి దానికి వేలాడుతోంది. 86 లక్షల యూరోలకు దగ్గరగా పలికింది. కొన్నది సెకండ్ హ్యాండ్ లగ్జరీ వ్యాపారం చేసే ఒక జపాన్ కంపెనీ.

సెకండ్ హ్యాండ్ సంత ఇంతగా పెరిగాక బ్రాండ్లు రెండుగా చీలిపోయాయి. అమెరికాలో 2011లో పుట్టిన ద రియల్‌రియల్ అనే సంస్థ వాడిన లగ్జరీ సరుకు అమ్ముతూ 2019లో స్టాక్ మార్కెట్‌కు కూడా ఎక్కింది. షనెల్ 2018లోనే దాని మీద కేసు వేసింది. తమ సరుకు అసలుదో నకిలీదో తేల్చగలిగేది తామొక్కరే అన్నది వాదన. మరో పాతసరుకు దుకాణం మీద వేసిన కేసులో 2024లో జ్యూరీ షనెల్‌కు 40 లక్షల డాలర్ల పరిహారం ఇప్పించింది. ఇంకోవైపు గుచ్చీ 2020లో అదే రియల్‌రియల్‌తో చేయి కలిపింది. గుచ్చీ యజమాని కెరింగ్ 2021లో వెస్టియేర్ కలెక్టివ్ అనే పారిస్ రీసేల్ సంస్థలో సుమారు 5 శాతం వాటా కొంది. రోలెక్స్ 2022లో వాడిన వాచీలకు సొంత సర్టిఫికెట్ ఇవ్వడం మొదలుపెట్టింది.

ఒకరు కోర్టుకెక్కారు, ఒకరు వాటా కొన్నారు. పైకి విరుద్ధంగా కనిపించినా ఇద్దరికీ కావాల్సింది ఒకటే, పాత సరుకు ధర ఎవరి చేతిలో ఉండాలన్న పట్టు. ఎల్‌వీఎంహెచ్, ప్రాడా, కార్టియే 2021లో కలిసి పెట్టిన ఆరా బ్లాక్‌చెయిన్ కూడా ఇదే కోవలోది. ప్రతి వస్తువుకూ చెరపడానికి వీల్లేని డిజిటల్ జాతకం ఒకటి ఉంటుంది. నకిలీని పట్టుకోవడానికి మంచిదే. వస్తువు ఎన్ని చేతులు మారినా బ్రాండ్‌కు తెలుస్తూ ఉండడానికి అంతకంటే మంచిది.

రీసేల్ వల్ల కొత్త తయారీ తగ్గుతుందా అన్నది అసలు ప్రశ్న. నాకు నమ్మకం లేదు. షనెల్ క్లాసిక్ బ్యాగు మధ్యసైజుది 2024లో యూరప్‌లో 10 వేల యూరోలు దాటింది. అంత పెట్టి కొనేటప్పుడు, మనసు మారితే మంచి ధరకు అమ్ముకోవచ్చులే అన్న ధైర్యం ఉంటే చేయి తొందరగా ముందుకెళుతుంది. పాతదానికి గిరాకీ పెరిగినకొద్దీ కొత్తది కొనడం తేలికవుతుంది.

రిపేరు విషయంలో మాత్రం లగ్జరీ కంపెనీలకు మార్కులు వేయాల్సిందే. ఎర్మెస్ వర్క్‌షాపులు ఏటా లక్షకు పైగా వస్తువులను బాగుచేసి వెనక్కి పంపుతాయి. పిడి అరిగితే పిడి, కుట్టు ఊడితే కుట్టు. చౌక ఫ్యాషన్ కంపెనీలు ఈ పని చేయలేవు, ఎందుకంటే అక్కడ రిపేరు ఖర్చు కొత్త చొక్కా ధర కంటే ఎక్కువ.

సర్క్యులర్ ఎకానమీ అంటూ గీసే ఈ చక్రాల బొమ్మలన్నిటిలో కనిపించనిది కుట్టే మనిషి. డియోర్ కేసులో దర్యాప్తు అధికారులు మిలాన్ చుట్టుపక్కల చైనీయులు నడిపే వర్క్‌షాపుల కరెంటు వాడకం లెక్కలు తెప్పించారు. మీటరు రాత్రీ పగలూ, పండగరోజు కూడా ఆగకుండా తిరిగింది. పని తొందరగా జరగడానికి యంత్రాలకు ఉండే రక్షణ పరికరాలు పీకేశారు. పనివాళ్ళు అక్కడే పడుకునేవాళ్ళు. 2024 ఏప్రిల్‌లో అర్మానీ తయారీ సంస్థ, 2025లో వాలెంటినో బ్యాగుల సంస్థ, లోరో పియానా కూడా ఇలాగే కోర్టు పర్యవేక్షణ కిందికి వచ్చాయి. బాధ్యతాయుతమైన తయారీ అని చెప్పుకుని కొనేవాళ్ళను తప్పుదోవ పట్టించినందుకు అర్మానీకి ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2025 ఆగస్టులో 35 లక్షల యూరోల జరిమానా వేసింది. బ్యాగు నూరేళ్ళు మన్నొచ్చు, నూరు చేతులు మారొచ్చు. మొదటి చేతికి ముట్టిన కూలి అందువల్ల పెరగదు.

ఇక మిగిలింది తయారీ సంఖ్య. ఐరోపా నిబంధన ప్రకారం పెద్ద కంపెనీలు అమ్ముడుపోనివి ఎన్ని వదిలించుకున్నాయో, వాటి బరువెంతో, కారణమేమిటో ఏటా చెప్పాలి. ఎన్ని తయారు చేశారో చెప్పమని అది అడగలేదు. కర్బన ఉద్గారాల విషయంలోనూ ఎక్కువమందికి ఇష్టమైన లెక్క, ఒక్కో వస్తువుకు లేదా ఒక్కో యూరో అమ్మకానికి ఎంత తగ్గింది అని. వస్తువులు రెట్టింపు చేసినా ఆ లెక్క బాగానే కనిపించొచ్చు. ఈ విషయంలో కెరింగ్ కాస్త తెగించింది. 2035 నాటికి మొత్తం ఉద్గారాలనే, 2021తో పోలిస్తే, 40 శాతం తగ్గిస్తామని 2023లో మాటిచ్చింది. ఆ తర్వాత గుచ్చీకి గిరాకీ పడిపోయింది. గ్రూపు అమ్మకాలు 2023లో ఉన్న 1,957 కోట్ల యూరోల నుంచి 2024లో 1,719 కోట్లకు జారాయి. తక్కువ అమ్మితే తక్కువ తయారీ, తక్కువ పొగ. మాటిచ్చిన లక్ష్యానికి అది మేలే. కానీ ఆ తగ్గుదలను విజయమని ఏ బోర్డు మీటింగులోనూ చెప్పుకోలేరు. 2025 సెప్టెంబరులో రెనో కార్ల కంపెనీ నుంచి లూకా డి మెయోను కొత్త సీఈఓగా తెచ్చుకున్నారు, ఆ అమ్మకాలను మళ్ళీ పైకి లేపడానికి.